ఆటస్థలానికి దీపాలు తెచ్చినవాడు: హెర్బర్ట్ చాప్మన్

ఊరిబయట వెన్నెలలో చెడుగుడు ఆడుకొనే కుర్రవాండ్రకు చూచేవారు లేకపోయినా ఆటకు లోటు రాదు. పదిమంది చుట్టూ చేరితే ఉత్సాహం ఇనుమడిస్తుంది. అంతకుమించి వారితో పని లేదు. కాని ఆ స్థలం చుట్టూ దడి కట్టి తలకింత అని రుసుము వసూలుచేసిన నాటినుండి ఆటలోనికి మూడవ పక్షం ఒకటి ప్రవేశిస్తుంది. ఆడే జట్లు రెండు. డబ్బిచ్చి చూచే జనం మూడవది. ఈ మూడవ పక్షానికి ఆటపై ఏమి హక్కు ఉన్నది, ఆ హక్కును ఎంతవరకు మన్నించవలెను అన్న ప్రశ్న ఇంగ్లండులో హెర్బర్ట్ చాప్మన్‌కు ఎదురైనంత తీవ్రంగా అతని కాలంలో మరెవరికీ ఎదురైనట్లు కానరాదు. ఆటగాడుగా అతడు సామాన్యుడు. ఆటను నడిపినవాడుగా అతని పేరు ఫుట్‌బాల్ చరిత్ర ఎరిగిన ప్రతివానికీ తెలిసినదే.

అతడు 1878 జనవరి 19వ తేదీన యార్క్‌షైర్‌లోని కివెటన్ పార్క్ అనే బొగ్గుగనుల గ్రామంలో జన్మించినాడు. తండ్రి గని కార్మికుడు. ఆ కాలంలో మిల్లులలో, గనులలో పనిచేసేవారికి శనివారం మధ్యాహ్నం సెలవు దొరకడం మొదలైనది. ఆ సగంరోజు సెలవే ఇంగ్లండులో ఫుట్‌బాల్‌ను పెంచి పెద్దచేసినది. ఆటగాండ్రకు జీతమివ్వడం న్యాయసమ్మతమని 1885లో అంగీకరించినారు. 1888లో పన్నెండు జట్లతో ఫుట్‌బాల్ లీగ్ ఏర్పడినది. అనగా చాప్మన్ బడికి పోయే వయసులోనే ఆట ఒక వృత్తిగా మారినది. అతని తమ్ముడు హారీ షెఫీల్డ్ వెన్స్‌డే జట్టులో పేరుమోసిన ఆటగాడై లీగ్ విజయాలలో పాలుపంచుకొన్నాడు. హెర్బర్ట్‌కు ఆ అదృష్టం పట్టలేదు. గనుల ఇంజనీరింగ్ చదివి, ఆ వృత్తిని విడువకుండానే, స్టేలీబ్రిడ్జి, రాచ్‌డేల్, గ్రిమ్స్‌బీ, స్విండన్, నార్తాంప్టన్, షెఫీల్డ్ యునైటెడ్, నాట్స్ కౌంటీ అంటూ ఊరూరా తిరిగి ఆడినాడు. లండనులోని టాటెన్‌హామ్ జట్టులో ఉన్నప్పుడు లేతపసుపు రంగు బూట్లు తొడుక్కొని ఆడేవాడట. తోటివారు తనను సులభంగా గుర్తించి బంతిని అందించవలెనని అతని ఉద్దేశం. కంటికి కనబడడం ఆటలో ఒక భాగమన్న ఊహ అప్పటికే అతనిలో ఉన్నదనుకోవచ్చు.

1907లో నార్తాంప్టన్ జట్టుకు ఆటగాడుగాను, మేనేజరుగాను ఉండే అవకాశం వచ్చినది. వాస్తవానికి అది సహచరుడు వాల్టర్ బుల్‌కు వచ్చినది. అతడు తాను పోలేక చాప్మన్ పేరు చెప్పినాడు. సదరన్ లీగ్‌లో అట్టడుగున ఉన్న ఆ జట్టు 1909 నాటికి ఆ లీగ్ విజేత అయినది. మేనేజరనగా ఆ రోజులలో లెక్కలు వ్రాసి, రైలు టిక్కెట్లు కొని, డైరెక్టర్లు నిర్ణయించిన పదకొండుమంది పేర్లు చదివే గుమాస్తా వంటివాడు. చాప్మన్ ఆట ఎట్లు ఆడవలెనో ముందుగా ఆలోచించి ఆటగాండ్రతో కూర్చుండి చర్చించడం మొదలుపెట్టినాడు. ఎంతసేపూ ముందుకు దూకే జట్టు తరచు ఓడిపోతుందని అతడు అక్కడే గమనించినాడు. కొంత వెనుకకు తగ్గి ప్రత్యర్థులను తమ గోలువైపు రప్పించుకొంటే వారి వెనుక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోనికి హఠాత్తుగా బంతిని పంపవలెను. అతని విద్య అంతా ఈ చిన్న సూత్రంలో ఉన్నది.

1912లో లీడ్స్ సిటీకి మారినాడు. రెండేండ్లలో ఆ జట్టు రెండవ శ్రేణిలో నాలుగవ స్థానానికి వచ్చినది. ఇంతలో ప్రపంచయుద్ధం వచ్చినది. చాప్మన్ 1916లో లీడ్స్ దగ్గర బార్న్‌బో అనే మందుగుండు కర్మాగారంలో అధికారిగా చేరినాడు. యుద్ధకాలంలో లీడ్స్ సిటీ నిబంధనలకు విరుద్ధంగా ఆటగాండ్రకు డబ్బు ముట్టచెప్పినదని తరువాత ఆరోపణ వచ్చినది. విచారణ సంఘం లెక్కల పుస్తకాలు అడిగితే క్లబ్బువారు ఇవ్వలేదు. 1919 అక్టోబరులో లీగ్ ఆ జట్టును బహిష్కరించి, దాని ఆటగాండ్రను ఒక హోటల్లో కూర్చోబెట్టి ఇతర క్లబ్బులకు వేలం వేసినది! సంతలో పశువులను బేరమాడినట్లు మనుష్యులను బేరమాడిన ఆ దినం ఇంగ్లీషు ఫుట్‌బాల్ గర్వంగా చెప్పుకోదగినది కాదు. చాప్మన్‌కు ఇక ఆటతో సంబంధమే ఉండరాదని నిషేధం విధించినారు. అతడు సెల్బీ పట్టణంలో ఒక కర్మాగారంలో ఉద్యోగం చూచుకొన్నాడు. 1920 చివర ఆ ఉద్యోగమూ పోయినది. అప్పటికి వయస్సు నలుబదిరెండు దాటినది.

ఆ స్థితిలో అతనిని చేరదీసినది హడర్స్‌ఫీల్డ్ టౌన్. ఆరోపణలకు గురియైన చెల్లింపులు జరిగినప్పుడు చాప్మన్ మందుగుండు కర్మాగారంలో ఉన్నాడన్న వాదం నెగ్గి నిషేధం తొలగిపోయినది. 1921లో మేనేజరు అయినాడు. 1922లో జట్టు కప్పు గెలిచినది. 1924లో లీగ్ విజయం వచ్చిన తీరు విచిత్రమైనది: హడర్స్‌ఫీల్డుకు, కార్డిఫ్‌కు సమానంగా 57 పాయింట్లు వచ్చినవి. చేసిన గోళ్లను ఇచ్చుకొన్న గోళ్లతో భాగించి చూడగా హడర్స్‌ఫీల్డు వెంట్రుకవాసి పైన నిలిచినది. చివరి దినాన కార్డిఫ్ ఆటగాడు ఒక పెనాల్టీని గోలుగా మలచలేకపోయినాడు. మలచి ఉంటే కథ వేరు. మరుసటి సంవత్సరం కూడ హడర్స్‌ఫీల్డుదే విజయం.

కాని హడర్స్‌ఫీల్డు ఉన్నిమిల్లుల చిన్న పట్టణం. దేశంలో ఉత్తమమైన ఆట ఆడుతున్నా దానిని చూడవచ్చే జనానికి ఒక హద్దు ఉన్నది. అక్కడివారికి రగ్బీపై మక్కువ కూడ ఎక్కువే. సరిగా ఆ సమయంలో లండనులోని ఆర్సెనల్ క్లబ్బు అధిపతి హెన్రీ నారిస్ మేనేజరు కావలెనని పత్రికలో ప్రకటించినాడు. పెద్ద మొత్తాలు పోసి ఆటగాండ్రను కొంటేనే తప్ప జట్టును నిర్మించలేనివారు దరఖాస్తు పెట్టనక్కరలేదని అందులో షరతు. ఆర్సెనల్ అనగా ఆయుధశాల. వూలిచ్ ఆయుధ కర్మాగారపు కార్మికులు 1886లో స్థాపించిన జట్టు అది. 1913లో నారిస్ దానిని థేమ్స్ నది దాటించి ఉత్తర లండనులోని హైబరీకి తెచ్చినాడు. ఆటస్థలం పక్కనే భూగర్భ రైలు స్టేషను. చుట్టూ లక్షలాది జనం. ఇంతవరకు ఒక్క పెద్ద బహుమతి లేదు. చాప్మన్ 1925లో ఆ పదవిని స్వీకరించినాడు.

అదే వేసవిలో ఆట నిబంధన ఒకటి మారినది. ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అనే నియమం ఉన్నది. ముందున్న ఆటగానికి సహచరుడు బంతిని పంపే క్షణంలో, అతనికీ ప్రత్యర్థుల గోలుగీతకూ మధ్య ప్రత్యర్థులు కనీసం ముగ్గురు ఉండవలెనని అంతవరకు నియమం. ఆ ముగ్గురిలో గోలుకీపరు ఒకడు. కనుక తక్కిన ఇద్దరు రక్షకులలో ఒకడు సమయం చూచి నాలుగడుగులు ముందుకు వేస్తే చాలు, ఎదుటివాడు ఆఫ్‌సైడ్‌లో చిక్కుకొనేవాడు. ఈ ఉపాయం ముదిరి, అడుగడుగునా ఈల మ్రోగి ఆట ఆగిపోతూ వచ్చినది. జనం విసిగినారు. ముగ్గురికి బదులు ఇద్దరు ఉంటే చాలునని నియమం మార్చినారు. మొదటి శ్రేణిలో అంతకుముందు సంవత్సరం 1,192 గోళ్లు పడగా, 1925-26లో 1,703 పడినవి. ఇది గమనింపదగిన విషయం. ఆటగాండ్ర కోరికపై గాక చూపరుల సంతోషం కొరకు ఆట శాసనమే మారినది!

చాప్మన్ సండర్లాండ్ నుండి చార్లీ బకన్ అనే ప్రసిద్ధ ఆటగాడిని తెచ్చినాడు. బేరం వింతగా కుదిరినది: రెండువేల పౌండ్లు రొక్కం, మొదటి సంవత్సరం అతడు చేసే ప్రతి గోలుకు నూరు పౌండ్లు. అతడు ఇరవైయొక్క గోళ్లు చేసినాడు. ఆ అక్టోబరులో న్యూకాసిల్ చేతిలో ఆర్సెనల్ 7-0 తేడాతో చిత్తుగా ఓడినది. అప్పుడు బకన్ తాను కొంతకాలంగా చెబుతున్న సలహానే మళ్లీ చెప్పినాడు. కొత్త నియమం వలన ఇద్దరు రక్షకులు చాలరు. మధ్యస్థానంలో ఆడే సెంటర్‌హాఫ్‌ను వెనుకకు దింపి మూడవ రక్షకునిగా నిలుపవలెను. చాప్మన్ అంగీకరించినాడు. రెండు దినాల తరువాత వెస్ట్ హామ్‌పై ఆర్సెనల్ 4-0తో గెలిచినది. ఈ ఊహ ఇతరులకూ తట్టకపోలేదు. కాని ఏ స్థానంలో ఎటువంటివాడు కావలెనో నిర్ణయించి, అటువంటివానికై ఏండ్ల తరబడి వెదకి, ఆంగ్లంలోని డబ్ల్యు, ఎమ్ అక్షరాలను ఒకదానిక్రింద ఒకటి పేర్చినట్లుండే ఆ వ్యూహాన్ని పరిపూర్ణం చేసినవాడు చాప్మన్. మూడవ రక్షకుని స్థానానికి అతడు ఎంచినది హెర్బీ రాబర్ట్స్‌ను. ఓస్వెస్ట్రీ అనే చిన్న ఊరి జట్టునుండి 200 పౌండ్లకు వచ్చిన మనిషి. సొగసు లేదు, గారడి లేదు. గోలు ముందు గోడవలె నిలబడడమే అతని పని.

ఇక్కడ ఒక వైరుధ్యం కనబడుతుంది. సెంటర్‌హాఫ్ అనగా పూర్వం జట్టుకు ప్రాణం; బంతితో మైదానమంతా విహరించి జనాన్ని అలరించేవాడు. చాప్మన్ అతనిని కావలివానిగా మార్చినాడు. చూపరుల కొరకు మార్చిన శాసనం అతని చేతిలో చూపరులకు ప్రియమైన పాత్రనే మింగివేసినది. ఎదుటి జట్టు ముప్పావు గంట దాడిచేసి ఒక్క గోలు చేయలేక అలసినప్పుడు, ఆర్సెనల్ మూడు తన్నులలో బంతిని అటు చేర్చి గోలు చేసేది. పరాయి ఊళ్లలో ఆ జట్టుకు అదృష్టపు ఆర్సెనల్ అని పేరు పెట్టి ఎగతాళి చేసినారు. అది అదృష్టం కాదు, లెక్క. అయితే లెక్క చూడముచ్చటగా ఉండదు.

ఈ లోటును చాప్మన్ ఎరగనివాడు కాడు. ఎరిగినందువల్లనే ఒకవైపు లెక్కను, మరొకవైపు ఆకర్షణను సమకూర్చినాడనుకోవలెను. మన నాటక సమాజాలవారికి ఈ సంగతి బాగా తెలుసు: నాటకం ఎంత గట్టిదైనా, పేరున్న నటుడు లేనిదే పొరుగూరి బండ్లు రావు. డబ్బు పోసి ఆటగాండ్రను కొనరాదన్న నారిస్ 1927లో లెక్కల అక్రమాల కారణంగా ఆటనుండి బహిష్కృతుడైనాడు. అటుపిమ్మట చాప్మన్ చేతికి అడ్డులేదు. 1928లో బోల్టన్ నుండి డేవిడ్ జాక్‌ను 10,890 పౌండ్లకు కొన్నాడు. ఒక ఆటగానికి పదివేలు దాటడం అదే మొదలు. 1929లో ప్రెస్టన్ నుండి అలెక్స్ జేమ్స్ వచ్చినాడు. పొట్టివాడు, మోకాళ్లవరకు వ్రేలాడే వదులు లాగు. బంతి అతని కాలికి అంటుకొన్నట్లే ఉండేది. వ్యంగ్యచిత్రకారులకు అతడొక పండుగ.

జేమ్స్‌ను రప్పించుటకు జరిగిన ఏర్పాటు చూస్తే ఆ కాలపు న్యాయం తెలుస్తుంది. ఎంతటి ఆటగానికైనా వారానికి ఎనిమిది పౌండ్లకు మించి జీతం ఇవ్వరాదని నిబంధన. అతనిని చూచుటకు నలుబది, ఏబదివేలమంది టిక్కెట్టు కొంటారు; అతనిని కొనుటకు ఒక క్లబ్బు మరొక క్లబ్బుకు వేలకొలది పౌండ్లు చెల్లిస్తుంది; అతని చేతికి వచ్చేది మాత్రం ఆ ఎనిమిది పౌండ్లే. అందువల్ల సెల్ఫ్రిడ్జెస్ అనే పెద్ద దుకాణంలో క్రీడాపరికరాలు చూపించే ఉద్యోగం ఒకటి జేమ్స్‌కు ఏర్పాటైనది. దానికి ఏడాదికి 250 పౌండ్లు. నిబంధనను అతిక్రమించలేదు, ప్రక్కనుండి దాటినారు. నిబంధనల విషయంలో ఒకసారి చేయి కాలిన చాప్మన్ ఈసారి జాగ్రత్తగానే నడుచుకొన్నాడు.

1930 ఏప్రిల్ 26న వెంబ్లీలో కప్పు తుదిపోటీ. ఒకవైపు ఆర్సెనల్, మరొకవైపు హడర్స్‌ఫీల్డ్: చాప్మన్ కట్టిన ఇల్లు ఒకటి, కడుతున్న ఇల్లు ఒకటి. అతనిపై గౌరవంతో రెండు జట్లూ మైదానంలోనికి ప్రక్కప్రక్కనే నడిచివచ్చినవి. తుదిపోటీలలో ఆ ఆచారం నాటినుండే మొదలైనది. ఆట నడుస్తుండగా గ్రాఫ్ జెపెలిన్ అనే జర్మను ఆకాశనౌక మైదానం మీదుగా సాగిపోయినది. ఆర్సెనల్ 2-0తో గెలిచి మొదటి కప్పును తెచ్చుకొన్నది. మరుసటి ఏడు లీగ్‌లో 66 పాయింట్లు, 127 గోళ్లు. దక్షిణ ఇంగ్లండు జట్టు ఒకటి లీగ్ గెలవడం అదే ప్రథమం. గోడవంటి రాబర్ట్స్ వెనుక ఉండగా ముందు జాక్, జేమ్స్, పదునేడేండ్ల ప్రాయంలో వచ్చి చేరిన క్లిఫ్ బాస్టిన్ చెలరేగినారు. లెక్కా, ముచ్చటా కొంతకాలం కలిసి నడిచినవి.

ఆటస్థలాన్ని చూపరులకు అనువుగా చేయడంలో చాప్మన్‌కు అలుపు లేదు. 1928 ఆగస్టులో అతని ఆటగాండ్రు వీపులపై సంఖ్యలతో ఆడినారు. దూరాన కూర్చున్నవారికి ఎవరెవరో తెలియవలెను గదా. లీగ్ పెద్దలకు అది రుచించలేదు. ముప్పావుగంట కాలాన్ని చూపే పెద్ద గడియారాన్ని హైబరీలో నిలిపినాడు. రిఫరీ అధికారానికి భంగమని ఫుట్‌బాల్ అసోసియేషన్ అభ్యంతరపెట్టగా దానిని మామూలు గడియారంగా మార్చవలసివచ్చినది. 1932లో కొత్త పశ్చిమ ప్రేక్షకశాల లేచినది. వేల్సు యువరాజు వచ్చి ప్రారంభోత్సవం జరిపినాడు. అదే సంవత్సరం గిల్లెస్పీ రోడ్ అనే భూగర్భ రైలు స్టేషనుకు ఆర్సెనల్ అని పేరు మార్పించినాడు. పటాలు, పలకలు, టిక్కెట్లు అన్నీ మార్చవలసి వచ్చిన ఆ పనికి రైలు కంపెనీని ఒప్పించుటకు ఎంత ఓర్పు పట్టినదో ఊహించుకోవచ్చు. ఖర్చులేని ప్రకటన అంతకంటె గొప్పది మరొకటి లేదు. 1933లో ఎర్ర చొక్కాలకు తెల్ల చేతులు వచ్చినవి. తెల్లబంతి కావలెనని కూడ వాదించినాడు.

దీపాల సంగతి కొంచెం వివరంగా చెప్పవలసినది. ఇంగ్లండులో చలికాలం సాయంకాలాలు తొందరగా చీకటిపడతాయి. వారం మధ్యలో ఆట పెడితే మధ్యాహ్నమే పెట్టవలెను, మధ్యాహ్నం కార్మికుడు రాలేడు. ఐరోపాలో రాత్రివేళ విద్యుద్దీపాల వెలుగులో ఆట జరగడం చాప్మన్ చూచినాడు. వచ్చి హైబరీ ప్రేక్షకశాలపై దీపాలు పెట్టించినాడు. అధికారికమైన పోటీలలో వాటిని వెలిగించరాదని ఫుట్‌బాల్ పెద్దలు శాసించినారు. దీపాలు ఉన్నవి, జనం ఉన్నారు, ఆట ఉన్నది, అనుమతి లేదు. ఆ పెద్దలను వట్టి మూఢులని కొట్టివేయడం న్యాయం కాదు. ఆట క్రమంగా తమాషాగా మారిపోతుందని వారి భయం. 1931లో వారు రేడియోలో లీగ్ పోటీల ప్రసారాన్ని సైతం నిషేధించినారు. మొట్టమొదటి ప్రసారం 1927 జనవరిలో హైబరీ నుండే జరిగినదన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగినది. అయితే చిత్రమేమిటంటే, తమాషాను వద్దన్న ఆ పెద్దలే ఆటగాని జీతానికి కట్టిన కట్టను మాత్రం విప్పలేదు. తలుపు దగ్గర వసూలైన డబ్బు వారికి తమాషాగా తోచలేదు కాబోలు.

చాప్మన్ మెత్తని మనిషి అనుకోరాదు. ఆటగాండ్ర కష్టసుఖాలు విచారించేవాడు. ప్రతి వారం వారిని కూర్చుండబెట్టి, బల్లపై మైదానం నమూనా పెట్టి, వారి అభిప్రాయాలు చెప్పించేవాడు. ఆదివారం తప్పక చర్చికి పోయేవాడు. కాని 1933 జనవరిలో మూడవ శ్రేణికి చెందిన వాల్సాల్ అనే చిన్న జట్టు చేతిలో ఆర్సెనల్ కప్పు పోటీలో 2-0తో ఓడినప్పుడు, అనవసరమైన తప్పిదంతో పెనాల్టీ ఇచ్చిన టామీ బ్లాక్ అనే కుర్రవాడు మళ్లీ హైబరీలో ఆడలేదు. కొద్దిదినాలలోనే అతనిని ప్లిమత్‌కు అమ్మివేసినారు. పేరు నిలుపుకొనవలసిన జట్టులో ఒక్క మధ్యాహ్నపు పొరపాటుకు కూడ చోటు లేకపోయినది. అదే సంవత్సరం ఆర్సెనల్ మళ్లీ లీగ్ గెలిచినది.

ఆ రోజులలో చాప్మన్ ఒక ఆదివారపు పత్రికకు వ్యాసాలు వ్రాసేవాడు. వాటిలో అక్కడక్కడ ఒక దిగులు తొంగిచూస్తుంది. ఓటమి భయం ఆటగాండ్ర నైపుణ్యాన్ని చంపుతున్నదని, ఫలితమే సర్వస్వం కాకపోతే ఆట ప్రమాణం ఎంతో పెరుగునని అతని అభిప్రాయం. ఓడిపోకుండా ఉండే విద్యను దేశమంతటికీ నేర్పినవాడు ఈ మాట వ్రాసినాడు! దేశంలోని తక్కిన జట్లు అతని రాబర్ట్స్‌ను అనుకరించినవి. అతని జేమ్స్‌ను అనుకరించలేకపోయినవి.

1934 నూతన సంవత్సరం నాడు చాప్మన్ ఉత్తరదేశానికి పోయి బరీలో ఒక ఆట చూచినాడు. మరునాడు షెఫీల్డులో వెన్స్‌డే జట్టు ఆట. శనివారం ఆర్సెనల్ ఎదుర్కొనవలసినది ఆ జట్టునే. రాత్రి పుట్టిన ఊరిలో గడిపి జలుబుతో లండను చేరినాడు. వైద్యుడు ఇంట పడుకొమ్మన్నాడు. అయినా బుధవారం గిల్డ్‌ఫర్డ్‌లో క్లబ్బు మూడవ జట్టు కుర్రవాండ్ర ఆట చూడవలెనని చలిలో పోయినాడు. పెద్దగా జనం వచ్చే ఆట కాదది; పేరున్నవారెవరూ అందులో లేరు. జలుబు న్యుమోనియాగా మారినది. జనవరి 6వ తేదీ శనివారం తెల్లవారుజామున హెండన్‌లోని ఇంట కన్నుమూసినాడు. వయస్సు ఏబదియైదు. ఆ మధ్యాహ్నమే హైబరీలో షెఫీల్డ్ వెన్స్‌డేతో ఆట నిర్ణయమై ఉన్నది. దానిని ఆపలేదు. ఆటగాండ్రు మౌనంగా నిలిచి, ఆ తరువాత ఆడినారు, 1-1తో ముగిసినది.

ఆ సంవత్సరం, మరుసటి సంవత్సరం కూడ ఆర్సెనల్ లీగ్ గెలిచినది. అతని స్థానంలో వచ్చిన జార్జ్ ఆలిసన్ రేడియోలో ఆటను వర్ణించి పేరు పొందినవాడు. 1939లో ఆర్సెనల్ ఆటస్థలం కథావస్తువుగా తీసిన ఒక చలనచిత్రంలో ఆలిసన్, ఆటగాండ్రు తమ పాత్రలు తామే ధరించినారు. వీపుపై సంఖ్యలను లీగ్ అదే సంవత్సరం తప్పనిసరి చేసినది. హైబరీలో పెద్ద ఆట దీపాల వెలుగున జరిగినది 1951లో. జీతానికి కట్టిన కట్ట మాత్రం అన్నిటికంటె ఆలస్యంగా తెగినది. క్రమంగా ఇరవై పౌండ్ల వరకు పెరిగిన ఆ పరిమితిని, ఆటగాండ్రు సమ్మెకు సిద్ధపడిన పిమ్మట, 1961 జనవరిలో రద్దుచేసినారు. అప్పటికి అలెక్స్ జేమ్స్ మరణించి ఏడున్నర సంవత్సరాలైనది.